డిక్కీలో చప్పుడు

గురువారం, మధ్యాహ్నం
షెడ్డు పక్క గది

చిరంజీవి ఫ్యూజుకి,

తాతయ్య ముందు నీ నెత్తిమీద ఒకటి మొట్టి, ఆ తర్వాత అదే చేత్తో దీవించి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. ఉత్తరం రాసే ప్రతివాడూ ఈ ముక్క ఊరికే రాసేస్తాడు. నేను మాత్రం ఇవాళ ఒక్కొక్కరినీ తడిమి చూసుకుని మరీ రాస్తున్నాను. ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది. నువ్వూ అక్కడ వేళకి తిని, వేళకి పడుకుని, వేళకాని వేళ ఎవరితోనూ పోట్లాడకుండా ఉన్నావని తలుస్తాను. కవరు ఒక మూల ఉబ్బెత్తుగా ఉందేమిటని ఇప్పుడే దులపకు. చివరిదాకా చదివాక దులుపు.

ముందు నా బాధ ఒకటి విను. నేను రాస్తున్న ఈ బల్ల ఊగుతోంది. అసలే నా చదువు నీకు తెలుసు. అయిదో క్లాసు, అదీ ఇష్టంకొద్దీ రెండుసార్లు చదివినవాణ్ణి. మామూలుగానే నా అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని తూలుతూ నడుస్తాయి. వాటికి ఈ బల్ల తోడైంది. దీర్ఘం ఇద్దామని పోతే గుడి పడుతోంది. కాలు పొట్టిదిరా, సరిచెయ్యరా అని పోయిన నెల మీ నాన్నతో చెప్పాను. వాడు ఆసుపత్రికి పోతూ పోతూ ఒక అట్టముక్క మడిచి కాలికింద తోసి, అయిపోయింది నాన్నా అన్నాడు. వాడు అట్ట పెట్టింది పొట్టి కాలికి కాదు, పక్క కాలికి. ఇప్పుడు బల్ల రెండు వైపులా ఊగుతోంది.

మీ నాన్న అయిపోయింది అంటే అంతే. నా కట్టుడు పళ్ళు కూడా అయిపోయింది నాన్నా అనే పెట్టాడు. పళ్ళ డాక్టరు కొడుకని మురిసిపోయి బ్యాంకులో మేనేజరు ముందు గట్టిగా నవ్వాను. పై వరస వెళ్ళి ఆయన కాగితాల మీద కూర్చుంది.

ఆ మాటకి మన ఇంట్లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం. మీ నానమ్మ అయిపోయింది అంటే, ఇక మీరు నోరు మూసుకోండి అని. మీ అమ్మ అంటే, పొయ్యి మీదున్నది మాడిపోయిందని. మీ నాన్న అంటే, కష్టమైన పని అయింది, విసుగు పుట్టే పని మిగిలింది, అది ఎవరో ఒకరు చేసేస్తారులే అని. నువ్వు అంటే మాత్రం నిజంగా అయిపోయినట్టే. తలుపు వేసేసినట్టే. ఇది గుర్తుపెట్టుకో. మొన్న మా ప్రాణాల మీదికి తెచ్చింది ఈ ఒక్క మాటే.

నీకు తెలిసిన గొడవే, అయినా మళ్ళీ చెప్తాను. గొడవలు చెప్పడం నాకిష్టం. కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఆ పాత కారుని మీ నాన్న తుక్కు కొట్టు నుంచి లాక్కొచ్చిన రోజున ఇంట్లో నవ్వనిది నువ్వొక్కదానివే. ఆ తర్వాత ఎన్ని సెలవలు, ఎన్ని ఆదివారాలు మీరిద్దరూ షెడ్డులో గ్రీజు పూసుకుని తిరిగారో లెక్కలేదు. వాడు పగలంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు చూసి ఇంటికొచ్చి, బానెట్ నోరు తెరిచి లైటు వేసి చూసేవాడు. మొదట్లో నువ్వు వాడికి పానాలు అందించేదానివి. పోనుపోను వాడే నీకు అందించేవాడు. అంతా బాగానే ఉంది. బ్యాటరీ దగ్గర వచ్చింది తంటా.

ఆ బండికి బ్యాటరీ ముందు వైపు, సైలెన్సర్ గొట్టానికి ఆనుకుని ఉండేది. వేడికి ఉడికి, యాసిడ్ పొంగి, దాని కింద రేకు జల్లెడయింది. దీన్ని వెనక్కి, డిక్కీలోకి మార్చాలి, ఇనప తొట్టిలో కూర్చోబెట్టి బోల్టులతో బిగించాలి, మీద అడ్డకమ్మీ వెయ్యాలి, వైరుకి ఫ్యూజు పెట్టాలి అన్నావు నువ్వు. బండి పుట్టినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉండాలి, ఒరిజినల్ ఒరిజినలే అన్నాడు వాడు. కట్టుడు పళ్ళు పెట్టుకుంటూ బతికేవాడివి నీకు ఒరిజినల్ గొడవ ఎందుకురా అని నేను మధ్యలో దూరాను. ఎవరూ నవ్వలేదు. అప్పుడే నాకు అర్థం కావల్సింది. మీకు బండి ముఖ్యమా, బండిలో కూర్చునేవాళ్ళు ముఖ్యమా అన్నావు నువ్వు. పానా పట్టుకోవడం నీకు నేర్పింది నేను, నాకు నేర్పకు అన్నాడు వాడు. నువ్వు చేతిలో గుడ్డ కింద పడేసి, సరే నాన్నా, మనకి అయిపోయింది అన్నావు. ఆ సాయంత్రమే బస్సెక్కి నీ డిపో ఉద్యోగానికి వెళ్ళిపోయావు.

ఆ మాట వాడికెలా వినబడిందో తెలుసా? వాడి భాషలో వినబడింది. ఏదో కాస్త మిగిలింది, ఎవరో ఒకరు చేసేస్తారులే అనుకున్నాడు. నెలలు గడిచాయి. ఎవరూ చెయ్యలేదు.

ఇప్పుడు అసలు కబురు. ఇది నీకు చెప్పానని తెలిస్తే వాడు మత్తు ఇవ్వకుండా నా పన్ను పీకుతాడు. పీకడానికి ఒక్కటీ మిగల్లేదు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. మీ నాన్న బ్యాటరీని డిక్కీలోకి మార్చాడు. నువ్వు చెప్పినట్టే. నీకు చెప్పలేదు, మమ్మల్ని చెప్పనివ్వలేదు. బుధవారం ఆసుపత్రికి రంగులు వేస్తున్నారు, వాడికి సెలవు. ఆ రోజు మమ్మల్నందర్నీ ఎక్కించుకుని, కొండ మలుపులన్నీ దిగి, నీ డిపో గేటు ముందు ఆపి, డిక్కీ తెరిచి చూపించి, తాళం నీ చేతిలో పెట్టాలని వాడి ఆలోచన. పొద్దస్తమానం ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపిస్తాడు గానీ, తప్పు నాదేనని చెప్పడానికి తన నోరు తెరుచుకోదు. అందుకని డిక్కీ తెరుద్దామనుకున్నాడు.

సోమవారం సాయంత్రం అందర్నీ షెడ్డులోకి పిలిచి, అయిపోయింది అన్నాడు. పక్కన డైనమో ఉన్నాడు. అదే, బస్టాండు దగ్గర ఆటో ఎలక్ట్రీషియను. ఒకసారి తిప్పి వదిలితే మాటలు తయారుచేస్తూనే ఉంటాడని నేను పేరు పెట్టినవాడు. వాడూ తలూపాడు. ఊరి చివరిదాకా ఒక చుట్టు తిప్పి చూద్దామని బయల్దేరాం. మీ నాన్న, డైనమో ముందు కూర్చున్నారు, నేనూ మీ నానమ్మా వెనక. కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ నిలబడే బతికాను కదా, బండిలో కూర్చోవడమంటే నాకు ఇప్పటికీ దొరతనమే. రైట్ రైట్ అంటూ సాగనిచ్చాను. ఊరుకోవచ్చా, మధ్యలో సరదాకి హోల్డాన్ అని అరిచాను. వాడు బ్రేకు తొక్కాడు. ఏం లేదులే, పోనీ అన్నాను. కాసేపయ్యాక మళ్ళీ అరిచాను. మళ్ళీ తొక్కాడు. మీ నానమ్మ మోచేత్తో పొడిచింది.

నీళ్ళ ట్యాంకు దగ్గర మలుపు తిరుగుతుంటే నా నడుం వెనక చప్పుడైంది. పాత ట్రంకుపెట్టె గచ్చు మీద జరిగినట్టు గర్రుమని, చివర్లో టక్ అని. ఆ టక్‌తో పాటు ముందు అద్దం కింద చిన్న లైటు ఒక్కసారి ఆరి వెలిగింది. ముక్కుకి ఏదో తగిలింది. కాలిన ఇనుము వాసన. ఈసారి నిజంగానే హోల్డాన్ అన్నాను. మీ నాన్న వెనక్కి తిరిగి చూడను కూడా చూడలేదు. చాలు నాన్నా, నవ్వాం కదా అన్నాడు. డిక్కీలో ఏదో జరుగుతోందిరా అన్నాను. జాకీ అయ్యుంటుంది పెద్దాయనా అన్నాడు డైనమో. ఇంకో మలుపు వచ్చింది. మళ్ళీ గర్రు, మళ్ళీ టక్.

నీకు తెలియనిది కాదు, ఆ బండిలో వెనక సీటుకీ డిక్కీకీ మధ్య ఉన్నది అట్ట. అట్టకి అవతల బ్యాటరీ. బ్యాటరీ పక్కన పెట్రోలు ట్యాంకు. మీ నానమ్మ ఆ అట్టకే వీపు ఆనించుకుని, కిటికీలోంచి ఎవరింటి ముందు పూలకుండీలు బాగున్నాయో చూస్తోంది. ఇంటికి వచ్చేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు నేను. ఈ వయసులో ఇదేం వేషం అంది.

మంగళవారం వాడు ఆసుపత్రికి పోగానే డిక్కీ తెరిచాను. లోపల చూడ్డానికి ముచ్చటగా ఉంది. మెత్తటి కార్పెట్టు పరిచి, దాని కింద అన్నీ దాచాడు. కార్పెట్టు ఎత్తి బ్యాటరీ మీద చెయ్యి వేసి నెట్టాను. బ్యాంకులో నా పై వరస కదిలినట్టు కదిలింది. తొట్టి ఉంది. తొట్టిని నేలకి పట్టే బోల్టులు కన్నాల్లో దించి ఉన్నాయి. వేలు పెట్టి పైకి లాగితే ఊరికే ఊడి వచ్చాయి, కింద నట్టుల్లేవు. మీద అడ్డకమ్మీని ఏది పట్టి ఉంచిందో చెప్పుకో. ఆసుపత్రి బ్యాండేజీ గుడ్డ. ముడి మాత్రం చక్కగా వేశాడు, కుట్లు వేసే చెయ్యి కదా. ప్లస్ టెర్మినల్ మీద రబ్బరు టోపీ లేదు. దానికి ఎదురుగా, ట్యాంకుని కట్టి ఉంచే ఇనపపట్టీ మీద ఒక నల్లటి మచ్చ, ఎవరో సిగరెట్టు ఆర్పినట్టు. వేలితో రుద్దాను, పోలేదు. దాని పక్కనే ఇంకోటి. రెండు మలుపులకి రెండు నిప్పురవ్వలు, రెండు మచ్చలు.

ఇంకా చూశాను. లావుపాటి వైరు నేలలో కన్నంలోంచి ముందుకి పోతోంది. కన్నం అంచుకి రబ్బరు రింగు లేదు. రేకు అంచు వైరు తోలుని అప్పుడే గీకడం మొదలుపెట్టింది.

నట్టులు బిగించాలంటే బండి కిందకి దూరాలి. నా నడుం వంగనని ఎప్పుడో చెప్పేసింది. పోనీ వైరన్నా ఊడదీద్దామని నీ పానా ఒకటి తెచ్చి ప్లస్ టెర్మినల్‌కి పెట్టాను. ముందు మైనస్ తియ్యాలని నువ్వెప్పుడో చెప్పావు. ఆ క్షణాన గుర్తు రాలేదు. పానా రెండో కొస పోయి డిక్కీ అంచుకి తగిలింది. నీలంగా ఒక మెరుపు లేచింది. పానా నా చేతిలోంచి ఎగిరి ట్యాంకు మీద పడింది, గంట కొట్టినట్టు మోగింది. నేను ఊపిరి బిగబట్టి అలాగే నిలబడ్డాను. పెట్రోలు వాసన వస్తోందో, భయానికి నాకే అలా అనిపిస్తోందో తెలియలేదు. ఏమీ కాలేదు. పసిపిల్ల పడుకున్న గది తలుపు వేసినట్టు డిక్కీ మూత మెల్లగా దించి, బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాను. మీ అమ్మ చూసి, ఏమిటి మావయ్యగారూ అంత బుద్ధిగా కూర్చున్నారు, ఒంట్లో బాగాలేదా అంది.

లేచి డైనమో కొట్టుకి పోయాను. బ్యాటరీ ఎవరు బిగించార్రా అని అడిగాను. డాక్టరుగారే పెద్దాయనా, వైర్లు నావి, బిగింపు ఆయనది, అయిపోయిందన్నారుగా అన్నాడు. ఒకసారి వచ్చి చూడరా అన్నాను. వాడు నవ్వాడు. పోయినసారి ఇలాగే కంగారుగా వచ్చి, ఫ్రిజ్ తలుపు వేశాక లోపల లైటు ఆరడం లేదని చెప్పి నన్ను తీసుకెళ్ళారు, నా తల లోపల పెట్టించి తలుపు వేశారు, ఇప్పటికీ బస్టాండులో నన్ను లైటు ఆరిందా అని అడుగుతున్నారు అన్నాడు. నిజమే, అడగమని నేనే వాళ్ళకి చెప్పాను.

సాయంత్రం మీ నాన్న డబ్బాతో పెట్రోలు తెచ్చి ట్యాంకు నిండా పోస్తుంటే పక్కన నిలబడి చెప్పాను. బ్యాటరీ కదులుతోందిరా, మచ్చలున్నాయి, వచ్చి చూడు అన్నాను. డైనమో బిగించాడు నాన్నా, అయిపోయింది అన్నాడు. వాడు నువ్వు బిగించావంటున్నాడురా అన్నాను. అప్పుడు వాడు డబ్బా కింద పెట్టి, నాన్నా, పోయినవారం గీజరు మీద పాముందన్నావు, సబ్బు నురగతో బయటికి పరుగెత్తాను, అది నీ బెల్టు అన్నాడు. ఆ ముందు వారం నా కుర్చీ కింద రోగి పళ్ళు దొరికాయని పోలీసులకి ఫోను చేశావు, అవి నీ పళ్ళు అన్నాడు. మీ అమ్మ వచ్చి, మావయ్యగారూ, ఈ ఒక్కరోజూ ఆయన్ని ఏడిపించకండి, ఇన్నాళ్ళకి కూతురి దగ్గరికి వెళ్తున్నారు అంది. ఆ మాట అంటుంటే ఆవిడ గొంతు ఎలా ఉందో విన్నాను. కింద పెట్టిన డబ్బా తీసి వాడికి అందించాను. మీ నానమ్మ ఊరుకుంటుందా. మీరు నిజం చెప్పినా ఎవరూ నమ్మకుండా చేసుకున్నారు, అయిపోయింది, వచ్చి భోంచెయ్యండి అంది. అందరూ నవ్వారు.

నేను రాను పొమ్మంటే? నేనొక్కణ్ణే మిగులుతాను. వాళ్ళు ముగ్గురూ పోతారు. కొండ మీద మలుపులెన్నో నీకు తెలుసు, వాటి మీద నేను టిక్కెట్లు కొట్టినవాణ్ణి. కండక్టరు విజిల్ వేస్తే బండి ఆగాలి. నా విజిల్‌కి ఎవరూ బ్రేకు తొక్కడం లేదు.

బుధవారం తెల్లవారింది. మీ నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దం ముందు ఏదో గొణుక్కుంటున్నాడు. నీతో చెప్పాల్సిన మాటలనుకుంటాను. మొదటి ముక్క దాటి ముందుకి పోవడం లేదు. మీ అమ్మ నీకిష్టమైనది ఒకటి డబ్బాలో కట్టింది. ఏమిటో చెప్పను. మీ నానమ్మ వెనక సీట్లో ఎక్కి, సరిగ్గా అదే చోట వీపు ఆనించి, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఈ పక్కకి జరగవే అన్నాను. కిటికీ పక్క సీటు కొట్టేద్దామనా అంది. జరగలేదు. నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను.

మీ నాన్న తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరిగింది, ఇంజను గునిసింది, అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ గునిసింది. ఒక్కసారి దగ్గి, అందుకున్నట్టే అందుకుని ఆగిపోయింది. ఆ దగ్గుకి నేను మీ నానమ్మ చెయ్యి పట్టేసుకున్నాను. వాడు తిప్పిన ప్రతిసారీ నేను పళ్ళు కరుచుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. సోమవారం అంత చక్కగా తిరిగిన బండికి ఇవాళ ఏమొచ్చిందో అంది మీ అమ్మ. దేవుడికే తెలియాలి అన్నాను నేను.

డైనమోకి ఫోను చేశారు. వాడు సైకిలు మీద వచ్చి, బ్యాటరీ వెనక్కి మార్చాం కదా సార్, దాని దగ్గరే ఏదో ఊడి ఉంటుంది అని ముందు డిక్కీ తెరిచాడు. కార్పెట్టు లాగేశాడు. మీ నాన్నా వెళ్ళి వంగాడు.

నట్టులేవి సార్ అన్నాడు డైనమో. నువ్వు బిగించలేదా అన్నాడు మీ నాన్న. మీరు బిగించలేదా అన్నాడు వాడు. వైర్లు కలిపేటప్పుడు నువ్వే బిగించేసి ఉంటావనుకున్నాను, ఊరికే నిలబడటానికి ఈ గుడ్డ కట్టాను అన్నాడు మీ నాన్న. మీరు అయిపోయిందన్నారుగా సార్ అన్నాడు డైనమో.

మీ నాన్న బ్యాటరీ మీద చెయ్యి పెట్టి తోశాడు. అది జరిగి వెళ్ళి పట్టీ ముందు ఆగింది, మచ్చలకి ఎదురుగా, వేలు పట్టేంత సందులో. పన్ను మీద మచ్చ చూసేవాడికి ఇనుము మీద మచ్చ ఎవరూ చెప్పక్కర్లేదు. గోటితో గీకి చూశాడు. ఇంతలో అట్ట అవతల నుంచి, ఏమైందిరా, దిగమంటావా ఉండమంటావా అని మీ నానమ్మ గొంతు వినబడింది. అంత దగ్గర నుంచి వినబడింది. వాడి మొహం సున్నం కొట్టినట్టయింది. చుట్టూ పరుగెత్తుకొచ్చి తలుపు తీసి, అమ్మా దిగు అన్నాడు. చెప్పు ఎక్కడో దూరింది ఉండు అంది ఆవిడ. చెప్పొద్దు దిగు అని చంకల్లో చేతులు వేసి ఎత్తి దింపాడు. సంచీ జారి, అందులోని దువ్వెనలూ మాత్రలూ వాకిలంతా దొర్లాయి. ఎవరూ ఏరలేదు.

తర్వాత వాడు ఇస్త్రీ చొక్కాతోనే నేలమీద కూర్చున్నాడు. నావైపు చూశాడు. నేను చెప్పానా లేదా అంటానని చూశాడో, ఏదో ఒక వేళాకోళం ఆడతానని చూశాడో. నేను రెండూ చెయ్యలేదు. అది అన్నీ చెప్పింది నాన్నా అన్నాడు. తొట్టి, నట్టులు, టోపీ, అన్నీ చెప్పింది. అప్పుడు గుర్తొచ్చినట్టు డైనమో వైపు తిరిగి, ఫ్యూజు ఏదీ అన్నాడు. సెల్ఫ్ లాగితే కాలిపోతుంది, ఎందుకొచ్చిన గొడవ అని మీరే వద్దన్నారు సార్ అన్నాడు వాడు. మీ నాన్న ఆ వైరుని చేత్తో పట్టుకుని, ఫ్యూజు ఉండాల్సింది అన్నాడు. మన ఇంట్లో ఆ పేరున్నవి రెండు కదా. దేన్ని తల్చుకుని అన్నాడో నేను అడగలేదు.

ఇక చూడాలి వాడి పని. చొక్కా విప్పేసి బండి కిందకి దూరాడు. నేల రేకు కింద మందపాటి ఇనప బిళ్ళలు వేసి, తొట్టి నాలుగు మూలలా నట్టులు బిగించాడు. అవి వదులవకుండా మీద ఇంకో నట్టు వేశాడు. అడ్డకమ్మీకి బ్యాండేజీ పోయి బోల్టులొచ్చాయి. టెర్మినల్‌కి టోపీ పెట్టాడు. బ్యాటరీ ఊపిరి బయటికి పోవడానికి సన్నటి గొట్టం నేలలోంచి కిందకి దింపాడు. వైరు దూరే కన్నానికి రబ్బరు రింగు వేశాడు. బ్యాటరీకి జానెడు దూరంలోనే పెద్ద రేకు ఫ్యూజు పెట్టించాడు. ఒక్కొక్కటి బిగించినప్పుడల్లా, నాన్నా వచ్చి ఊపు అన్నాడు. నేను రెండు చేతులూ వేసి ఊపాను. ఆఖరుకి బండి మొత్తం ఊగింది గానీ బ్యాటరీ ఊగలేదు. అంతా అయ్యాక నేను చెవులు రిక్కించుకుని చూశాను. ఆ మాట అనలేదు వాడు. ఇంకేమన్నా మిగిలిందేమో నువ్వు చూడు నాన్నా అన్నాడు. వాణ్ణి కన్నాక ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

కానీ బండి మాత్రం అందుకోలేదు. ప్లగ్గులు తీసి తుడిచారు, పెట్రోలు గొట్టం ఊది చూశారు, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూసి పెట్టారు. తాళం తిప్పితే గునుస్తుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. డైనమో చేతులెత్తేసి, చిన్నమ్మగారు ఉంటే పట్టేసేవారు సార్ అని ఇంటికి పోయాడు. మీ నాన్న ఫోను తీశాడు. నీ పేరు దాకా పోయాడు, నేను వెనక నుంచి చూశాను. బొటనవేలు దాని మీద పెట్టి, నొక్కకుండా కాసేపు నిలబడి, ఫోను జేబులో వేసుకున్నాడు. ఇవాళ పొద్దున్న ఆసుపత్రికి పోయేముందు కూడా ఒకసారి షెడ్డులోకి పోయి, డిక్కీ తెరిచి, బ్యాటరీని ఊపి చూసి వచ్చాడు.

అదమ్మా సంగతి. ఈ ఉత్తరం శనివారానికి నీకు అందుతుంది. ఆదివారం నీకు సెలవు. ఇక్కడ తొట్టి గట్టిగా ఉంది, మనుషులు ఒంటిమీద గీత పడకుండా ఉన్నారు, బండి షెడ్డులో ఉంది. కదలాల్సింది నువ్వే.

మీ నానమ్మ, మీ అమ్మ అడిగినట్టు రాయమన్నారు. మీ నాన్న ఏమీ రాయమనలేదు, అందుకే కాగితమంతా వాడి గురించే రాశాను.

ఇట్లు,
ఊగుతున్న బల్ల మీద నుంచి,
రిటైరైనా విజిల్ వదలని కండక్టరు,
నీ తాతయ్య

తా.క. ఇప్పుడు కవరు దులుపు. దూదిలో చుట్టిన నల్లటి ముక్క పడుతుంది. గుర్తుపట్టావు కదా, డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉండే రోటర్. బండికి నువ్వు వేసిన కొత్తదే. మంగళవారం భోజనాలయ్యాక అందరూ టీవీ ముందు ఉండగా దీన్ని తీసేసి, నీ సామాన్ల డబ్బాలో ఉన్న పాత పగుళ్ళ రోటర్ పెట్టాను. చూడ్డానికి బాగానే ఉంటుంది తాతయ్యా, కంటికి కనపడని పగులు, కరెంటు ప్లగ్గుల దాకా పోకుండా దారిలోనే కారిపోతుంది, ఎవరైనా బుర్ర పగలగొట్టుకోవాల్సిందే అని నువ్వే ఒకసారి చూపించావు. నువ్వు చెప్పినవాటిలో నాకు ఎక్కింది అదొక్కటే. విజిల్‌కి ఆగని బండిని ఇంకెలా ఆపను. డైనమో మూత తీసి, రోటర్ బాగానే ఉంది సార్ అన్నప్పుడు నేనూ వంగి చూసి, అవునవును, బాగానే ఉంది అన్నాను.

బ్యాటరీ బిగించాక దీన్ని తిరిగి పెట్టేద్దామనే అనుకున్నాను. నా కట్టుడు పళ్ళ డబ్బాలో దాచినదాన్ని తీసి గుప్పిట్లో పట్టుకుని షెడ్డు దాకా పోయాను కూడా. అప్పుడే వాడు ఫోను తీసి మళ్ళీ జేబులో వేసుకోవడం చూశాను. గుప్పిలి తెరవకుండా వెనక్కి వచ్చి, వాడి ఆసుపత్రి దూదిలోనే చుట్టాను. ఫోనులో అయితే ఇది పట్టదు కాబట్టి ఉత్తరం రాశాను.

ఆదివారం వచ్చి, కాసేపు తల గోక్కుని, నువ్వే కనిపెట్టినట్టు మూత తియ్యి. మీ నాన్న చేత లైటు పట్టించు, పానాలు అందించమను. బండి అందుకున్నాక ఆ మాట నువ్వే అను, నువ్వంటే నమ్ముతాను. వాడికి మాత్రం ఇది చెప్పకు. చెప్పావో, నా రెండు వరసలూ కలిపి బ్యాండేజీ గుడ్డతో కట్టేసి, అయిపోయింది నాన్నా అంటాడు.